బిల్లు మీద పడిన టైమ్: పదిహేడేళ్ల సేల్స్ గర్ల్ ఓవర్‌టైమ్ కేసు

తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలో నేను లేబర్ కేసులు చూస్తాను. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్‌లో ఉన్నాను కాబట్టి ఫీజు ఇచ్చుకోలేనివాళ్లు చాలామంది ఆ దారిలోనే నా దగ్గరికి వస్తారు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఇక్కడ రాస్తున్న కేసు కూడా అలా వచ్చిందే. కనీస వేతనాల చట్టం, 1948 అమల్లో ఉన్న రోజులనాటిది. ఊరు, షాపు, మనుషుల గుర్తులు తీసేశాను, డబ్బు అంకెలు మార్చాను. లెక్క కట్టిన పద్ధతి, వాదన నడిచిన తీరు మాత్రం జరిగినట్టే రాస్తున్నాను.

నేపథ్యం

అమ్మాయి పదో తరగతి పాసైంది. తండ్రి సెంట్రింగ్ పని చేస్తూ కిందపడి నడుముకు దెబ్బ తగిలించుకోవడంతో ఇంటర్ మధ్యలో ఆగిపోయింది. బజార్లో ఒక పెద్ద బట్టల షాపులో సేల్స్ గర్ల్‌గా చేరింది. అప్పటికి ఆమెకు పదహారేళ్లు దాటి మూడు నెలలు. నెలకు 6,000 జీతం, అమ్మకాల మీద కొంచెం ఇన్సెంటివ్. పొద్దున తొమ్మిదిన్నరకు షాపులో ఉండాలి, రాత్రి తొమ్మిదిన్నరకు బయటపడాలి. బతుకమ్మ, దసరా సీజన్లో అది పది దాటేది. సెప్టెంబర్లో చేరి మరుసటి ఏడు దీపావళి అయిపోయిన వారం మానేసింది. మొత్తం పద్నాలుగు నెలలు. చివరి నెల జీతం ఇవ్వలేదు.

జనవరిలో తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. తల్లి అడిగింది ఒక్కటే: "మేడం, ఆ ఆరు వేలు ఇప్పియ్యుండ్రి, చాలు. కేసు గీసు మాకొద్దు."

అమ్మాయి మాత్రం కూర్చున్నంతసేపూ చెప్పులు విప్పి, పాదాలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని నొక్కుకుంటూనే ఉంది. మానేసి అప్పటికి రెండున్నర నెలలైనా మడమల నొప్పి పోలేదట. షాపులో సేల్స్ వాళ్లు కూర్చోకూడదు. కస్టమర్ లేకపోయినా నిలబడే ఉండాలి. సేల్స్ వాళ్లు కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ దుకాణాల చట్టాలనే మార్చుకున్నాయి. ఆ మార్పు ఎందుకు అవసరమైందో ఆ పాదాలు చూస్తే తెలిసింది.

అసలు సమస్య ఏంటి

వాళ్లు అడిగింది 6,000. రావలసింది దానికి చాలా రెట్లు. నేను ముందు తేల్చుకోవలసిన ప్రశ్నలు రెండు.

మొదటిది, ఆమె అక్కడ పనిచేయడం చట్టానికి విరుద్ధమా? కాదు. బాలలు, కౌమారుల శ్రమ చట్టం 1986 నాటిది. 2016 సవరణ తర్వాత దాని ప్రకారం పద్నాలుగేళ్లలోపు వాళ్లను పనిలో పెట్టుకోకూడదు. ఇంట్లోవాళ్ల వ్యాపారంలో బడి అయ్యాక సాయం చేయడం, సినిమాల్లో నటించడం లాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్య వాళ్లు కౌమారులు. వాళ్లను గనులు, పేలుడు పదార్థాల వంటి ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదు. బట్టల షాపు ఆ జాబితాలోకి రాదు. కాబట్టి పని చేయించుకోవచ్చు, కానీ షరతులు ఉన్నాయి. ఏడో సెక్షన్ ప్రకారం వరుసగా మూడు గంటలకు మించి పని చేయించకూడదు, ఆ తర్వాత కనీసం గంట విరామం ఇవ్వాలి. విరామంతో కలిపి రోజు మొత్తం ఆరు గంటలు దాటకూడదు. రాత్రి ఏడు నుంచి పొద్దున ఎనిమిది దాకా పని చేయించకూడదు. ఓవర్‌టైమ్ అసలే చేయించకూడదు.

రెండోది, చట్టం వద్దన్న ఆ ఓవర్‌టైమ్‌ను చేయించుకున్నాక దానికి డబ్బు ఇవ్వాలా? కేసంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ఏం చేశాం, ఎక్కడ తప్పింది

ముందు షాపు ఓనరుకు ఫోన్ చేశాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "మా ఇంటి పిల్లలాగా చూసుకున్నాం మేడం, పండక్కి చీర కూడా పెట్టినం" అన్నాడు. మరుసటి రోజు అమ్మాయిని పిలిపించి 3,000 చేతిలో పెట్టి, తెల్ల కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. ఆమె పెట్టలేదు. పెట్టినా కనీస వేతనం హక్కును వదులుకునే ఒప్పందం కనీస వేతనాల చట్టం ఇరవై ఐదో సెక్షన్ ప్రకారం చెల్లదు. కానీ తెల్ల కాగితం మీద రేపు ఏమైనా రాసుకోవచ్చు కాబట్టి, పెట్టకపోవడం మంచిదైంది.

తర్వాత వేసిన అడుగు నాది. అది తప్పడుగు. అదే షాపులో ఇంకో ముగ్గురు మైనర్ అమ్మాయిలు ఉన్నారని తెలియడంతో, ముందు తనిఖీ జరిగితే పని గంటలకు ప్రభుత్వ రికార్డే సాక్ష్యంగా దొరుకుతుందనుకున్నాను. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి, లేబర్ ఆఫీసుకు ఫిర్యాదు చేయించాను. చాలా కేసుల్లో అది సరైన పనే.

ఇక్కడ బృందం వెళ్లింది మధ్యాహ్నం మూడింటికి. వాళ్లు వెతికింది పద్నాలుగేళ్లలోపు పిల్లల కోసం. ముగ్గురు అమ్మాయిల ఆధార్ కార్డులు చూసి, "పద్నాలుగు దాటింది కదా, ఇది బాల కార్మికుల కేసు కాదు" అని రాసుకుని వెళ్లిపోయారు. పని గంటల రిజిస్టర్ అడగలేదు. రాత్రి ఏడు తర్వాత ఆ పిల్లలు షాపులో ఉన్నారో లేదో చూడలేదు. మన తనిఖీలు చాలావరకు "పని చేయొచ్చా, చేయకూడదా" దగ్గరే ఆగిపోతాయి. పని చేయొచ్చని తేలిన పిల్లవాడు ఎన్ని గంటలు చేస్తున్నాడు, ఎంత తీసుకుంటున్నాడు అన్నది ఎవరి ఫారంలోనూ ఉండదు. పద్నాలుగు దాటి పద్దెనిమిది నిండని పిల్లలు ఆ సందులోంచి జారిపోతున్నారు.

మరుసటి రోజే ఓనరు ఆ ముగ్గురినీ పనిలోంచి తీసేశాడు. వాళ్ల ఇళ్లవాళ్లు మా అమ్మాయి ఇంటి ముందుకొచ్చి గొడవపడ్డారు. ఓనరు మాట కూడా మారిపోయింది. అంతకుముందు "ఇంటి పిల్ల" అన్నవాడు, ఇప్పుడు "ఈ అమ్మాయి మా దగ్గర ఎప్పుడూ పనిచేయలేదు" అంటూ లాయరు చేత లేఖ రాయించాడు.

నష్టం అంతటితో ఆగలేదు. కనీస వేతనాల చట్టం ఇరవయ్యో సెక్షన్ కింద క్లెయిమ్ వేయడానికి, వేతనం చెల్లించవలసిన రోజు నుంచి ఆరు నెలల గడువు. జనవరిలోనే వేసి ఉంటే చివరి నాలుగు నెలల జీతం గడువులో ఉండేది. తనిఖీ, దాని నివేదిక కోసం తిరిగేసరికి ఏప్రిల్ మొదటి వారం వచ్చింది. గడువులో మిగిలింది రెండే నెలలు. మిగతా రెండు నెలలు గడువు దాటిపోయింది నా వల్లే. అప్పటినుంచి మైనర్ కేసు ఏదొచ్చినా, ముందు క్లెయిమ్ దాఖలు చేసి నంబరు పడ్డాకే తనిఖీ అడుగుతున్నాను.

పోలీసు కేసు ఎందుకు పెట్టలేదని తర్వాత కొందరు జూనియర్లు అడిగారు. బాల న్యాయ చట్టం, 2015లో డెబ్బై తొమ్మిదో సెక్షన్ ఉంది. అక్కడ బాలలంటే పద్దెనిమిది ఏళ్లలోపు వాళ్లు. పనిలో పెట్టుకుని వాళ్ల సంపాదన ఆపినవాళ్లకు ఐదేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల జరిమానా పడొచ్చు. ఆ దారి గురించి అమ్మాయికీ తల్లికీ వివరంగా చెప్పాను. స్టేషన్‌కు వెళ్లడానికి తల్లి ససేమిరా అంది. పైగా క్రిమినల్ కేసులో అమ్మాయి సాక్షి అవుతుంది, డబ్బు మాత్రం ఎప్పుడొస్తుందో చెప్పలేం. వాళ్లకు కావలసింది డబ్బు. కాబట్టి ఆ దారిని పక్కన పెట్టాం.

క్లెయిమ్ ఎలా కట్టాం

అమ్మాయి సంతకంతోపాటు సంరక్షకురాలిగా తల్లి సంతకం కూడా పెట్టించాను. మైనర్ పిటిషన్ చెల్లదనే సాంకేతిక అభ్యంతరానికి మొదట్లోనే చోటు లేకుండా చేయాలని. పద్నాలుగు నెలలకూ క్లెయిమ్ వేసి, గడువు దాటిన పన్నెండు నెలలకు ఆలస్యాన్ని మన్నించమని విడిగా దరఖాస్తు పెట్టాను. మైనర్లకు గడువు పొడిగించే లిమిటేషన్ చట్టం ఆరో సెక్షన్ దావాలకు సంబంధించింది, ఈ క్లెయిమ్‌లు విచారించే లేబర్ అథారిటీ ముందు దాన్ని నమ్ముకుంటే చిక్కుల్లో పడతాం. అందుకే ఇరవయ్యో సెక్షన్‌లోనే ఉన్న "తగిన కారణం ఉంటే" అన్న వెసులుబాటు మీద నిలబడ్డాను. ఆ పద్నాలుగు నెలలూ ఆమె మైనర్, ఆ యజమాని కిందే ఉంది, ప్రభుత్వం కనీస వేతనం నిర్ణయించిన జీవోలో రేటు ఎంతో ఆమెకు ఎవరూ చెప్పలేదు, షాపులో నోటీసు కూడా అంటించలేదు. ఇవే కారణాలు.

ఇక రేటు. కౌమారులకు విడిగా రేటు నిర్ణయించే అధికారం ప్రభుత్వానికి ఉంది, కనీస వేతనాల చట్టం మూడో సెక్షన్‌లో ఆ మాట ఉంది. చాలామంది యజమానులు దాన్ని పట్టుకుని "చిన్నపిల్లలకు సగం ఇస్తే చాలు" అనుకుంటారు. ప్రభుత్వం జీవోలో తగ్గింపు రేటు రాస్తేనే అది వర్తిస్తుంది, ఓనరు తనంతట తాను తగ్గించడానికి లేదు. అలాంటి రేటు ఉన్న జీవో చూపించమని అడిగితే అవతలి పక్షం చూపలేకపోయింది. కాబట్టి పెద్దవాళ్ల రేటే. మూల వేతనానికి కరువు భత్యం కలపడం చాలామంది మరిచిపోతారు. మన దగ్గర అది ఏటా ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది. పద్నాలుగు నెలల లెక్కలో నాలుగు రకాల రేట్లు వచ్చాయి.

లెక్క తేలిగ్గా అర్థమవడానికి గుండ్రటి అంకెలు వాడతాను. నెలకు కనీస వేతనం 10,400 అనుకుందాం. 26 రోజులతో భాగిస్తే రోజుకు 400. దుకాణాల చట్టం ప్రకారం రోజుకు ఎనిమిది గంటలు కాబట్టి గంటకు 50. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు, అంటే గంటకు 100. ఆమె షాపులో ఉన్నది పన్నెండు గంటలు. నిజానికి భోజనానికి ఇచ్చింది అరగంటే, అదీ వంతులవారీగా. అయినా గంట తీసేసి పదకొండు గంటలే పట్టుకున్నాను. అరగంట కోసం వాదించబోయి మిగతా లెక్క మీద అనుమానం తెచ్చుకోవడం నాకిష్టం లేదు. ఎనిమిది పోను మూడు గంటల ఓవర్‌టైమ్. రోజుకు 300, నెలకు 7,800. వేతనంతో కలిపి 18,200 రావాలి. ఇచ్చింది 6,000. నెలకు 12,200 తక్కువ. పదమూడు నెలలకు 1,58,600, అసలేమీ ఇవ్వని చివరి నెలకు 18,200, మొత్తం 1,76,800.

ఇంకో లెక్క కూడా వేశాను. ఏడో సెక్షన్ ప్రకారం విరామం పోను కౌమారులు చేయగలిగింది ఐదు గంటలే. అంటే ఐదు గంటలకే పూర్తి రోజు వేతనం రావాలి, ఆరో గంట నుంచి ఓవర్‌టైమ్ మొదలవ్వాలి. అప్పుడు గంటకు 80, ఓవర్‌టైమ్‌కు 160. రోజుకు ఆరు గంటలు, నెలకు ఓవర్‌టైమే 24,960 అవుతుంది. న్యాయంగా చూస్తే ఇదే సరైన లెక్కని ఇప్పటికీ నా నమ్మకం. కానీ దీన్నే ముందు పెడితే విచారణ మొత్తం "ఓవర్‌టైమ్ ఎన్నో గంట నుంచి" అనే చర్చలో చిక్కుకుంటుంది. ఆమె పనిచేసిందన్న అసలు విషయం వెనక్కి పోతుంది. అందుకని ఎనిమిది గంటల లెక్కను ప్రధానంగా పెట్టి, ఐదు గంటల లెక్కను ప్రత్యామ్నాయంగా ఒక పేరాలో రాసి వదిలాను.

రుజువు

ఇక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది. అపాయింట్‌మెంట్ లెటర్ లేదు. జీతం కవర్లో నగదుగా ఇచ్చారు. రిజిస్టర్‌లో పేరు లేదు. వాట్సాప్‌లో ఫ్లోర్ ఇన్‌చార్జ్ పెట్టిన వాయిస్ మెసేజ్‌లు ఏమైనా ఉన్నాయా అని అడిగితే, ఫోన్ మారిందంది.

వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి అంది: "మేడం, బిల్లు మీద మా నంబరు పడుతది."

ప్రతి సేల్స్ మనిషికీ ఒక కోడ్ ఉంటుంది. ఇన్సెంటివ్ లెక్క కోసం బిల్లు కొట్టేటప్పుడు ఆ కోడ్ ఎక్కిస్తారు. ఆమెది 14. అలాంటి బిల్లు ఎవరి దగ్గరైనా ఉందా అంటే, బతుకమ్మ పండక్కి వాళ్ల చిన్నమ్మ పిల్లలకు ఫ్రాకులు అక్కడే కొన్నదట. మరుసటి రోజు చిన్నమ్మ ఆ బిల్లు తెచ్చింది. బీరువాలో చీర మడతల మధ్య దాచిన చిన్న కాగితం. ఆ రకం కాగితం మీద అక్షరాలు నెలల్లోనే వెలిసిపోతాయి. మడత పడిన చోట పూర్తిగా చెరిగిపోయింది. ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుని చూస్తే కింది వరుసలో ఎస్ 14, పక్కన 21:38 కనిపించాయి. రాత్రి తొమ్మిది ముప్పై ఎనిమిది. వెంటనే రెండు జిరాక్సులు తీయించి, ఫొటో కూడా తీసి పెట్టాను.

ఇంకొకటి, ఆమె దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. ఇన్సెంటివ్‌లో కోత పెడతారనే భయంతో రోజూ తను అమ్మిన వాటి బిల్లు నంబర్లు అందులో రాసుకునేది. టిఫిన్ బాక్సు సంచీలో పెట్టుకునేదేమో, అట్ట మీద పచ్చడి నూనె మరకలు. తారీఖు, కింద నంబర్లు, చివర మొత్తం. ఆ పుస్తకం రాసేటప్పుడు ఆమె కేసు గురించి ఆలోచించనే లేదు. అథారిటీ ముందు దానికి విలువ వచ్చింది అందుకే. ఎవరో చెబితే తర్వాత రాసిన పుస్తకం అలా ఉండదు.

అథారిటీకి సాక్షులను పిలిపించడంలో, కాగితాలు తెప్పించడంలో సివిల్ కోర్టు అధికారాలు ఉంటాయి. ఆ పద్నాలుగు నెలలకు కోడ్ 14 మీద నడిచిన సేల్స్ రిపోర్టు తెప్పించమని దరఖాస్తు వేశాను. రిజిస్టర్లు అడగలేదు. వాళ్ల రిజిస్టర్లలో ఆమె లేదని నాకు తెలుసు. కానీ జీఎస్‌టీ లెక్కలకు ఆధారమైన బిల్లింగ్‌ను మార్చడం అంత తేలిక కాదు. మూడు వాయిదాలు జరిపి, నాలుగోసారి అకౌంటెంట్ ప్రింటవుట్ తెచ్చాడు. నోటుబుక్కులోంచి మేం ఎంచిన 22 రోజులు పోల్చి చూశాం. 21 రోజులు సరిపోయాయి. తేడా వచ్చిన ఒక్క రోజు, ఆమె ఒక అంకె తారుమారు చేసి రాసింది.

అవతలి లాయరు "కోడ్ 14 చాలామంది వాడారు" అన్నాడు. ఆ చాలామందిలో ఒక్కరి పేరు చెప్పమని ఫ్లోర్ ఇన్‌చార్జ్‌ను అడిగాను. చెప్పలేకపోయాడు.

వాదనలు

పనిచేయలేదన్న మాట నిలవకపోవడంతో వరుసగా నాలుగు వాదనలు వచ్చాయి. పందొమ్మిదేళ్లని చెప్పి చేరిందన్నారు. పదో తరగతి మెమో మీద పుట్టిన తేదీ ఉంది, అది చాలింది. ట్రైనీ అన్నారు. అప్రెంటిస్ చట్టం, 1961 ప్రకారం రిజిస్టరైన ఒప్పందం ఉండాలి, అది లేదు. ఆమె ఒప్పుకునే ఆరు వేలకు చేరిందన్నారు. ఆసియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడలు) నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది, కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకోవడం రాజ్యాంగం ఇరవై మూడో అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ కిందికి వస్తుందని. ఒప్పుకుందా లేదా అన్నదానితో పనిలేదు.

నాలుగోది బలమైన వాదన, నిజాయితీగా చెప్పాలంటే నేను ఎక్కువ రాత్రులు ఆలోచించిందీ దాని గురించే. "మైనర్ ఒప్పందమే చెల్లదు. పైగా కౌమారులకు ఓవర్‌టైమ్‌ను చట్టమే నిషేధించింది. చట్టంలో లేని ఓవర్‌టైమ్‌కు రెట్టింపు జీతం ఎలా అడుగుతారు?"

నా జవాబు ఇది. మేము అడుగుతున్నది ఒప్పందం ప్రకారం కాదు, చట్టం ప్రకారం. మైనర్ ఒప్పందం చెల్లదన్న సూత్రం పుట్టిందే మైనర్‌ను కాపాడడానికి. ఇక కనీస వేతనాల చట్టం పద్నాలుగో సెక్షన్ అడిగేది ఒక్కటే: మామూలు పనిరోజు కంటే ఎక్కువ గంటలు పని చేశారా? చేస్తే ఓవర్‌టైమ్ రేటు, అంటే ఇక్కడ రెట్టింపు, ఇవ్వాలి. ఆ పని చేయించడానికి అనుమతి ఉందా అని ఆ సెక్షన్ అడగదు. ఏడో సెక్షన్‌లోని నిషేధం యజమాని మీద, పిల్ల మీద కాదు. పద్దెనిమిది నిండిన సేల్స్ మనిషి చేత రాత్రి దాకా చేయించుకుంటే రెట్టింపు కట్టాలి, పదిహేడేళ్ల పిల్ల చేత చేయించుకుంటే ఏమీ కట్టనక్కర్లేదు అంటే, చట్టాన్ని ఎక్కువగా ఉల్లంఘించినవాడికి తక్కువ ఖర్చు అన్నమాట. అప్పుడు ప్రతి షాపూ పిల్లలనే పెట్టుకుంటుంది.

ఆలస్యాన్ని అథారిటీ మన్నించింది. పద్నాలుగు నెలలూ లెక్కలోకి వచ్చాయి. ఓవర్‌టైమ్ వాదన మీద ఉత్తర్వు రాకముందే ఓనరు రాజీకి వచ్చాడు. ఎనిమిది గంటల లెక్క ప్రకారం తక్కువ పడినదంతా, పరిహారం కింద ఇంకో 40,000. చట్టం పది రెట్ల దాకా పరిహారం ఇవ్వనిస్తుంది కదా, ఇంత తక్కువకు ఎందుకు ఒప్పుకున్నామని అడగొచ్చు. ఉత్తర్వు వస్తే ఓనరు హైకోర్టుకు రిట్ వేసేవాడు, అది ఏళ్లు పట్టేది. అమ్మాయికి అప్పటికి పద్దెనిమిది నిండాయి, ఓపెన్ స్కూల్లో ఇంటర్ ఫీజు కట్టాల్సిన తేదీ దగ్గరపడింది. రెండు లెక్కలూ కాగితం మీద వేసి చూపించాను, నిర్ణయం ఆమెదే. డబ్బు ఆమె సొంత ఖాతాలోనే పడాలని రాజీ పత్రంలో రాయించాను. ఏడో సెక్షన్ ఉల్లంఘన మీద ఫిర్యాదును మాత్రం వెనక్కి తీసుకోలేదు. జీతం బాకీ మీద రాజీ పడొచ్చు, ఆ నేరం రాజీ చేసుకునే హక్కు మాకు లేదు.

ఇప్పుడు కొత్తగా క్లెయిమ్ వేసేవాళ్లకు దారి కొంత సులువైంది. కనీస వేతనాల చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లో గడువు మూడేళ్లు, ఓవర్‌టైమ్ అక్కడా రెట్టింపే. జీతం ఇచ్చానని రుజువు చేసుకోవలసిన భారం యజమానిదే. కానీ ఆ మనిషి అక్కడ పనిచేసిందని మొదట చూపించాల్సింది మనమే. అందుకే షాపుల్లో చేసే పిల్లలు వస్తే మొదట అడుగుతున్నాను, "బిల్లు మీద నీ నంబరు పడుతుందా?" అని. హోటల్లో చేసేవాళ్లనైతే ఆర్డర్ స్లిప్పుల గురించి, డెలివరీ చేసేవాళ్లనైతే గేటు రిజిస్టర్ల గురించి అడుగుతాను. కౌమారుల పని గంటలు 1986 చట్టంలోనే ఉన్నాయి, కొత్త కార్మిక కోడ్‌లు దాన్ని తమలో కలుపుకోలేదు. రెండూ పక్కపక్కన పెట్టుకునే క్లెయిమ్ రాయాలి.

తనిఖీ తర్వాత పని పోగొట్టుకున్న ఆ ముగ్గురిలో ఒకమ్మాయి రాజీ సంగతి విని వచ్చింది. ఆమె కోడ్ 9. ఆమె క్లెయిమ్ వేశాం, నడుస్తోంది. మిగతా ఇద్దరి ఇళ్లకు రెండుసార్లు వెళ్లాను. ఒకరి కుటుంబం ఊరు మారిపోయింది. రెండో ఇంట్లో తల్లి మంచినీళ్లిచ్చి, మర్యాదగా, "మాకేం వద్దు మేడం" అంది.